మన్ను పోయేది ఆ మధ్య నెలల్లోనే

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, నన్ను పిలిచిన నిర్వాహకులకూ కృతజ్ఞతలు. 2014 నుంచి ఐక్యరాజ్యసమితి డిసెంబర్ 5ను ప్రపంచ నేల దినోత్సవంగా జరుపుతోంది. ఆ పేరు చెప్పుకుని, చాలాకాలంగా మనసులో పెట్టుకుని తిరుగుతున్న మాటొకటి ఇవాళ మీ ముందు పెడతాను. నాకిచ్చిన అంశం ‘పట్టణీకరణ, నేల కోత, వాన నీటి ప్రవాహం’. చాలా పెద్ద అంశం. నేను అందులో ఒక్క ముక్కే పట్టుకుంటాను.

ముందు ఈ సీసా చూడండి. కొత్తగా చదును చేసిన ఒక వాలు కింద, వాన పడుతుండగా పట్టిన నీళ్ళివి. నేను మూత బిగించేలోపే ఇసుక అడుగుకు చేరింది. రంగు మాత్రం చూడండి, ఇంకా అలాగే ఉంది. మిల్లీమీటరులో పదో వంతు ఉండే ఇసుక రేణువు నిలకడ నీటిలో మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. 0.002 మిల్లీమీటర్ల బంకమన్ను రేణువుకు అదే మీటరుకు దాదాపు మూడు రోజులు కావాలి. అంతకన్నా సన్నటి రేణువు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అదీ కదలని నీళ్ళలో. పారే వాగులో మూడు రోజుల నిలకడ ఎక్కడిది? కాబట్టి ఈ రంగు ఒకసారి సైటు గేటు దాటిందంటే చెరువు దాకా పోతుంది. బంకమన్ను ఒంటరిగా కూడా పోదు. భాస్వరాన్నీ, రకరకాల లోహాలనూ ఒంటికి అంటించుకుని పోతుంది. చెరువులో నాచు విపరీతంగా పెరగడానికి ఆ భాస్వరం ఒక పెద్ద కారణం.

ఈ మన్ను ఎప్పుడు కదులుతోంది? ఇక్కడున్న ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ ప్రశ్న రాసుకోండి. ఎంత కదులుతోంది, ఎక్కడికి పోతోంది అని అందరూ అడుగుతారు. ఎప్పుడు అని అడిగేవాళ్ళు తక్కువ.

దీనికి జవాబు 1967లోనే వచ్చింది. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో గోర్డన్ వోల్మన్ అనే భౌగోళిక శాస్త్రవేత్త వాగుల్లో కొట్టుకొచ్చే మట్టిని లెక్కగట్టారు. ఆయనా, అషర్ షిక్ అనే మరో శాస్త్రవేత్తా కలిసి రాసిన పత్రంలో, సాగు భూములున్న చోట చదరపు మైలుకు ఏడాదికి 200 నుంచి 500 టన్నుల మట్టి పోతుంటే, నిర్మాణం కోసం గీకేసిన చోట అది వేల టన్నుల నుంచి లక్ష పైదాకా ఉందని తేల్చారు. అడవి కొట్టి సేద్యం చేసినప్పుడు కొంత పెరిగింది. ఊరు పూర్తిగా కట్టేశాక తగ్గింది. ఆ రెంటికీ మధ్య, పొక్లెయిన్ గడ్డి పీకిన రోజు నుంచి ఇల్లూ రోడ్డూ లేచే రోజు దాకా, ఆ కొద్ది నెలల్లో లెక్క ఆకాశానికి ఎక్కింది. ఆ మధ్య నెలల గురించే నేను మాట్లాడేది.

గడ్డి లేని నేల మీద పెద్ద వాన చినుకు సెకనుకు సుమారు తొమ్మిది మీటర్ల వేగంతో వచ్చి పడుతుంది. ఆ దెబ్బకు మట్టి గడ్డ చితికి, చిట్లిన సన్న రేణువులు నేల రంధ్రాలను మూసేస్తాయి. ఇంకాల్సిన నీరు ఇంకక పైపైన పారుతుంది, పారుతూ సన్నటి చాళ్ళు తీస్తుంది, చాళ్ళు కలిసి గండ్లవుతాయి. ఒక సెంటీమీటరు మేల్మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది. ఒక గట్టి వాన, విప్పి వదిలేసిన వాలు, ఇంతే కావాలి అది పోవడానికి.

ఇక్కడ నా గోడు చెప్పుకోవాలి. సభా మర్యాద కాదనుకుంటే క్షమించండి.

ఒక పెద్ద లేఅవుట్‌కు సంబంధించిన సమావేశం. ఎవరిదో, ఎక్కడో చెప్పను. మేం రెండు పనులు ఎస్టిమేట్‌లో పెట్టాం. ఒకటి, వాలంతా ఒకేసారి గీకకుండా ముక్కలు ముక్కలుగా చదును చేయడం, గీకిన ముక్క మీద వెంటనే గడ్డి పరచడం. రెండు, పల్లపు మూలన మట్టి నిలిపే గుంట. బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషి ఎర్ర పెన్సిల్‌తో గుంట మీద గీత కొట్టి, “ఇంజనీరు గారూ, పనయ్యాక ఇది పూడ్చేసేదే కదండీ, దీనికి డబ్బెందుకు?” అన్నారు. “పనయ్యేలోపు కురిసే వాన కోసమండీ” అన్నాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. గడ్డి పద్దు మీదా గీత పడింది.

వానలొచ్చాయి. దిగువనున్న కల్వర్టు తూము మన్నుతో మూసుకుపోయింది. ఒండ్రు చెరువు మూతి దగ్గర తిన్నెలా పేరుకుంది. ఆ మరుసటి ఏడాది పూడికతీతకు ఎస్టిమేట్ వేశారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగకుండా మంజూరైంది. తీసిన పూడికను చెరువు కట్ట మీదే కుప్పలు పోశారు. మళ్ళీ వాన పడింది. ఆ కుప్పల అంచు కరిగి, ఎర్రటి ధారలుగా అదే చెరువులోకి దిగుతుంటే గొడుగు పట్టుకుని నిలబడి చూశాను. ఆ కోపం నాకింకా తగ్గలేదు. పై నుంచి మన్ను రాకుండా ఆపడానికి డబ్బు లేదు. వచ్చిన మన్నును కింద ఎత్తిపోయడానికి ఏటా ఉంది. ఇదెక్కడి లెక్కండీ?

సరే, అంశంలోకి వస్తాను.

కట్టడం అయిపోయింది, అంతటా కాంక్రీటూ తారూ పడ్డాయి, ఇక మన్ను పోదు కదా అంటారు. సైటు నుంచి పోదు, నిజమే. నీళ్ళ మాటేమిటి? వంద చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు. మొక్కలున్న నేల అయితే అందులో చాలా భాగం తాగేసేది. ఇప్పుడు గొట్టంలోంచి కాలువకు, కాలువలోంచి వాగుకు నిమిషాల్లో చేరుతుంది. ఇంటి ముందు పచ్చిక వదిలాం కదా అనుకుంటాం. యంత్రాలు తిరిగి గట్టిపడిన నేలలో నీరు ఇంకే వేగం 70 నుంచి 99 శాతం దాకా పడిపోయిందని ఫ్లోరిడాలో కొలిచి 2006లో ప్రచురించారు. పైకి పచ్చగా ఉన్నంత మాత్రాన నేల నీళ్ళు తాగుతుందని కాదు.

అలా వచ్చిపడే నీటిలో మన్ను తక్కువ, ఊపు ఎక్కువ. మోయడానికి బరువు లేని ఆ నీరు వాగు గట్లనే కోసుకుంటుంది. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో క్రీక్ మీద స్టాన్లీ ట్రింబుల్ 1997లో ప్రచురించిన పరిశోధన చదవండి. ఊరు పెరుగుతున్న ఆ పరీవాహక ప్రాంతంలో కిందికి పోయిన మట్టిలో దాదాపు మూడింట రెండు వంతులు వాగు తన గట్లనూ అడుగునూ కోసుకోగా వచ్చిందే. గట్టు మీది చెట్ల వేళ్ళు గాలిలో వేలాడటం, ఒకప్పుడు భూమిలో పాతిన పైపు ఇప్పుడు వాగుకు అడ్డంగా వంతెనలా కనిపించడం మీరూ చూసే ఉంటారు. ఎవరో ఇసుక తవ్వారనుకుని దాటిపోతాం. కొన్నిచోట్ల అదీ నిజమే. కానీ చాలాచోట్ల ఆ పని చేసింది ఎగువ డాబాల మీది నీరు.

అందుకే వాన నీళ్ళను ఎక్కడ పడ్డవి అక్కడే కాసేపు ఆపడం, ఇంకించడం, నెమ్మదిగా వదలడం ముఖ్యం. ఇంకుడు గుంతల గురించి నా తర్వాత మాట్లాడేవారు వివరంగా చెబుతారు. నేను మళ్ళీ ఆ మధ్య నెలలకే వస్తాను. వాగు గట్టు కోతను ఆపాలంటే ఊరంతటినీ సరిదిద్దాలి, అది ఏళ్ళ పని. విప్పిన వాలు మీది మన్నును ఆపడం రేపు పొద్దున మొదలుపెట్టగల పని. గడ్డి, పారే నీటిలోంచి మన్నును వడగట్టే గుడ్డ కంచె, ఒక గుంట, పనుల వరస. వీటికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

కాంట్రాక్టర్లు కొందరు ఇక్కడున్నారు. అయ్యా, మీ మీద నాకు కోపం లేదు. పద్దులో లేని పని మీరెలా చేస్తారు? అడగాల్సింది పద్దు రాసేవాళ్ళను. ప్లాన్లు మంజూరు చేసే అధికారులూ ఈ సభలో ఉన్నారు, కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నాను. కట్టాక ఊరు ఎలా ఉంటుందో మీ దగ్గర బొమ్మ ఉంటుంది. కట్టేటప్పుడు నేల ఎలా ఉంటుందో చెప్పే కాగితం ఒక్కటి అడగండి. ఏ ముక్క ఏ నెలలో గీకుతారు, వానలు మొదలయ్యేలోపు ఏ తేదీకి దాన్ని మళ్ళీ కప్పుతారు, మట్టి గుంట ఎక్కడ, నిండితే ఎవరు తోడుతారు, తోడిన మన్ను ఎక్కడ పోస్తారు. ఆ కాగితం లేని ఫైలు మీద సంతకం పెట్టకండి. గుంట పద్దు మీద ఎవరైనా ఎర్ర పెన్సిల్ పెడితే, ఎందుకు కొట్టేశారో పక్కనే రాసి సంతకం చేయమనండి.