ఉమ్ బొగ్మా కొండలు: ఇనుము ఆగిన చోట మాంగనీస్ ఎందుకు ఆగలేదు?

(తెర మీద: సినాయ్ ద్వీపకల్పం మ్యాప్. సూయజ్ సింధుశాఖ తూర్పు గట్టున ఒక చుక్క.)

ఈజిప్టులోని సినాయ్ ద్వీపకల్పంలో, నైరుతి వైపున ఉమ్ బొగ్మా అనే కొండ ప్రాంతం ఉంది. చెట్టూ చేమా కనిపించని ఎడారి. ఆ కొండల్లో ఒక పొర దగ్గర మాత్రం నల్లటి రాతి ముద్దలు కనిపిస్తాయి. ఇనుము, మాంగనీస్ కలిసిన ముడి ఖనిజం అది. జాన్ బాల్ అనే భూగర్భ శాస్త్రవేత్త పశ్చిమ మధ్య సినాయ్ మీద 1916లోనే ఒక పెద్ద నివేదిక ప్రచురించాడు. ఇంచుమించు ఆ కాలంలోనే ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. రోప్‌వే మీదా, చిన్న రైలు మార్గం మీదా ఖనిజం కిందికి దిగి అబూ జనీమా రేవుకి చేరేది. 1967 యుద్ధంతో పని ఆగిపోయింది.

చరిత్రకి ఇది చాలు. రాళ్ళ సంగతికి వద్దాం.

(తెర మీద: కొండ నిలువుకోత. కింది నుంచి పైకి ఒక్కో పొర వెలుగుతుంది.)

అన్నిటికన్నా అడుగున గ్రానైట్ లాంటి గట్టి రాళ్ళు, వయసు 54 కోట్ల ఏళ్ళకి పైమాటే. వాటి మీద మందంగా ఇసుకరాయి. దాని మీద డోలమైట్, ఆ పైన మళ్ళీ ఇసుకరాయి. డోలమైట్ అంటే కాల్షియం, మెగ్నీషియం కలిసిన కార్బనేట్ రాయి, సున్నపురాయికి దగ్గరి చుట్టం. సుమారు 34 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. అప్పటి పగడాల శిలాజాలు ఇప్పటికీ ఈ పొరలో దొరుకుతాయి.

నల్ల ఖనిజం ఎక్కడ ఉందో గమనించండి. ఎక్కువ భాగం డోలమైట్ అడుగున, కింది ఇసుకరాయికి ఆనుకుని ఉంది. ఆ చోటులోనే అసలు కథంతా ఉంది.

(తెర మీద: ఆవర్తన పట్టికలో 25, 26 గడులు.)

మాంగనీస్ 25వ మూలకం, ఇనుము 26వది. పక్క పక్క ఇళ్ళు, గుణాలూ దాదాపు ఒకటే. ఆక్సిజన్ లేని నీటిలో రెండూ కరుగుతాయి, కలిసే ప్రయాణం చేస్తాయి. భూమి పైపొరలో ఇనుము 5 శాతం దాకా ఉంటే మాంగనీస్ 0.1 శాతమే. కాబట్టి మాంగనీస్ గని ఏర్పడాలంటే ఎక్కడో ఒక చోట ఈ రెండూ విడిపోక తప్పదు.

విడగొట్టే పని ఆక్సిజన్‌ది. నీటికి కాస్త గాలి తగిలితే చాలు, ఇనుము ఎలక్ట్రాన్‌ని వదిలేసి, తుప్పు రంగు ఆక్సైడ్‌గా మారి అక్కడే ఆగిపోతుంది. మాంగనీస్ అంత తొందరగా లొంగదు. దానికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి, నీటిలో ఆమ్ల గుణం కూడా బాగా తగ్గాలి. అందుకే అది నీటితో పాటు ఇంకొంత దూరం పోతుంది. ఒకసారి కొంచెం మాంగనీస్ ఆక్సైడ్ ఏర్పడిందంటే మాత్రం పని వేగం అందుకుంటుంది. ఆ ఆక్సైడ్ ఉపరితలమే మిగతా మాంగనీస్‌ని లాక్కుంటుంది. కొన్ని బ్యాక్టీరియాలూ ఇందులో చేయి వేస్తాయి.

ఇసుకరాయిలో ఉండేది ఎక్కువగా క్వార్ట్జ్. ఆమ్లపు నీరు అందులోంచి పోయినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. డోలమైట్ అలా కాదు. ఆమ్లం తగలగానే తాను కరిగి, ఆ నీటి ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అంటే ఒక్క దెబ్బకి రెండు పనులు జరుగుతాయి: మాంగనీస్ నీటిని వదిలి గట్టిపడే పరిస్థితి ఏర్పడుతుంది, కరిగిన రాయి స్థానంలో అది కూర్చోవడానికి చోటూ దొరుకుతుంది.

(తెర మీద: చేతిలో ఒక ఖనిజ ముక్క, దగ్గరగా.)

ఈ ముక్క చూడండి. ఒక పక్కంతా ద్రాక్షగుత్తిలా గుండ్రటి బుడిపెలు. విరిచి చూస్తే ఒక్కో బుడిపెలో పొర మీద పొర. గట్టి నల్ల భాగాన్ని గనుల వాళ్ళు సైలోమెలేన్ అంటారు. మెత్తగా ఉండి వేళ్ళకి మసి అంటించేది పైరోలుసైట్, అంటే మాంగనీస్ డయాక్సైడ్. పూత లేని పింగాణీ పలక మీద గీస్తే దీని గీత నల్లగా వస్తుంది. ఇనుప ఖనిజాలైన హెమటైట్ గీత ఎర్రగా, గోథైట్ గీత పసుపు కలిసిన గోధుమ రంగులో వస్తాయి. ఒకే ముక్క మీద మూడు గీతలూ రావచ్చు. ఖరీదైన పరికరం లేకుండా ఇంత తెలియడం నాకు చాలా ఇష్టమైన విషయం.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎడారిలో నల్లగా కనిపించే రాయల్లా ఖనిజం కాదు. ఎండలో పడి ఉన్న మామూలు రాళ్ళ మీద కూడా ఇనుము, మాంగనీస్, బంకమన్ను కలిసి నల్లటి మెరిసే పూత కడతాయి. దాని మందం మిల్లీమీటర్‌లో చిన్న వంతు. సుత్తితో ఒక్కటి వేస్తే లోపల తెల్ల రాయి బయటపడి ఆశ చచ్చిపోతుంది.

మరి ఈ లోహాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇక్కడ శాస్త్రవేత్తలకి ఒకరి మాట ఒకరికి పడదు. సముద్రంలోనే అవక్షేపంగా పేరుకుందని కొందరు. పగుళ్ళ వెంట లోతు నుంచి వేడి నీరు మోసుకొచ్చిందని కొందరు. డోలమైట్ కరిగి ఏర్పడిన బొరియల్లో నింపుకుందని ఇంకొందరు. సముద్రపు అడుగున మాత్రమే పేరుకుని ఉంటే ఖనిజం దుప్పటిలా పరుచుకోవాలి. ఇక్కడేమో మధ్యలో లావుగా, అంచుల్లో సన్నబడిపోయే ముద్దలు. కాబట్టి మొదట ఎలా వచ్చినా, తర్వాత నీరు దాన్ని కదిపి మళ్ళీ పేర్చిందనే వాదనకే నా ఓటు.

(తెర మీద: పొరలు విరిగి, ముక్కలుగా పైకీ కిందికీ జరిగే యానిమేషన్.)

ఇందులో ఎడారి చేసిందేమీ లేదు, ఖనిజం దానికన్నా చాలా పాతది. సుమారు రెండున్నర కోట్ల ఏళ్ళ కిందట సూయజ్ సింధుశాఖ చీలడం మొదలైంది, దాని గట్లు పైకి లేచాయి. ఫాల్ట్‌లు, అంటే రాళ్ళు విరిగి పక్కకి జరిగిన పగుళ్ళు, పొరల్ని ముక్కలు చేశాయి. వాదీలు, అంటే వానకి మాత్రమే పారే ఎడారి వాగులు, లోతుగా కోశాయి. అందుకే ఒకే ఖనిజపు పొర ఒక కొండ మీద ఒక ఎత్తులో, పక్క కొండ మీద ఇంకో ఎత్తులో కనిపిస్తుంది. మట్టీ, మొక్కలూ కప్పకపోవడంతో వాదీ అడుగున నిలబడి చూసినా ఆ పొరల్ని గుర్తుపట్టవచ్చు.

గని నడిపే వాళ్ళకి మాత్రం అసలు టెన్షన్ నిష్పత్తితోనే. ఉక్కు తయారీలో వాడే ఫెర్రోమాంగనీస్ అనే ఇనుము, మాంగనీస్ మిశ్రలోహంలో మాంగనీస్ సుమారు 75 శాతం ఉండాలి. ఖనిజంలో ఇనుము ఎక్కువైతే కొలిమిలో అదీ లోహంగానే దిగి ఆ శాతాన్ని పడగొడుతుంది. ఉమ్ బొగ్మాలో ఒకే ముద్దలో ఒక చోట ఇనుము ఎక్కువ, కొంచెం అవతల మాంగనీస్ ఎక్కువ. పైగా ముద్ద ఎక్కడ సన్నబడి మాయమవుతుందో చెప్పలేం. ఇలాంటి చోట డ్రిల్లింగ్ రంధ్రాలు బాగా దగ్గర దగ్గరగా వేయాలి. ప్రతి నమూనాలో మాంగనీస్ ఎంతో ఒక్కటే చూస్తే సరిపోదు, పక్కన ఇనుము ఎంతుందో కూడా రాసుకోవాలి.