దేనితో పోలిస్తే లాభం?

అందరికీ నమస్కారం.

బోర్డు మీద ఒక చిన్న లెక్క రాశాను, చూడండి. అంకెలన్నీ లక్షల్లో. ఒక యంత్రానికి ఇవాళ 100 పెట్టాలి. అయిదేళ్ల పాటు ప్రతి ఏడాది చివర దానివల్ల 30 చేతికొస్తుంది. ఆ తర్వాత అది తుక్కే, తుక్కుకు ధర కూడా రాదనుకుందాం. పెట్టింది 100, వచ్చింది 150. లాభం 50 అని చాలామంది ఇక్కడే లెక్క మూసేస్తారు.

మూసేసే ముందు ఒక ప్రశ్న. ఆ 100 ఈ యంత్రంలో పెట్టకపోతే ఏం చేసి ఉండేది? ఇంతే రిస్కు ఉన్న మరోచోట ఏటా 12 శాతం చొప్పున పెరిగేది అనుకుందాం. చక్రవడ్డీతో అయిదేళ్లకు అది 176.2 అవుతుంది. అయితే 150 ఇచ్చే యంత్రం దండగ అనిపిస్తుంది కదా? అదీ తొందరపాటే. యంత్రం డబ్బంతా అయిదేళ్లు ఆపి ఒక్కసారి ఇవ్వదు. మొదటి ఏడాది వచ్చిన 30ని మిగతా నాలుగేళ్లూ అదే 12 శాతానికి తిప్పుకోవచ్చు, రెండో ఏటి 30ని మూడేళ్లు తిప్పుకోవచ్చు. అలా తిప్పితే అయిదో ఏటి చివర మన చేతిలో 190.6 ఉంటుంది. అటు 176.2, ఇటు 190.6. యంత్రమే 14.4 ముందుంది. కానీ ఆ 14.4 అయిదేళ్ల తర్వాతి డబ్బు. దాన్ని 12 శాతం చొప్పున వెనక్కి, ఇవాళ్టికి తెస్తే 8.14.

ఈ 8.14నే నికర వర్తమాన విలువ అంటాం, వాడుకలో ఎన్‌పీవీ. పాఠ్యపుస్తకాల్లో దారి కాస్త వేరు: ఏ ఏటి రాబడిని ఆ ఏటికి తగ్గట్టు నేటి విలువకు కుదించి కూడతారు. మన 30లు వరుసగా 26.79, 23.92, 21.35, 19.07, 17.02 అవుతాయి. దశాంశాలన్నీ తీసుకుంటే మొత్తం 108.14. పెట్టిన 100 తీసేస్తే మళ్లీ అదే 8.14. దారులు రెండైనా చేరేది ఒకచోటికే. నేను మొదటి దారిలో ఎందుకు వెళ్లానంటే, అందులో పోలిక కంటికి కనిపిస్తుంది. 8.14 అంటే యంత్రం తెచ్చే లాభం మొత్తం కాదు. అదే డబ్బు అంతే రిస్కుతో మరోచోట సంపాదించగలిగినదంతా తీసేశాక, ఆపైన మిగిలింది.

ఎన్‌పీవీ అంటేనే పోలిక. ఇన్నేళ్లలో నేను చూసిన తప్పు లెక్కల్లో కూడికలు, గుణకారాలు తప్పినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం, దేనితో పోలుస్తున్నామో మరిచిపోయినవే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1582లో గణితవేత్త సైమన్ స్టెవిన్ ఆంట్వెర్ప్‌లో వడ్డీ పట్టికలు అచ్చువేయించాడు. అప్పటిదాకా అలాంటి పట్టికల్ని డబ్బు వ్యాపారం చేసేవాళ్లు గుట్టుగా దాచుకునేవారు. దీన్ని సిద్ధాంతంగా నిలబెట్టినవాడు ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్, 1907లోనూ మళ్లీ 1930లోనూ రాసిన పుస్తకాల్లో. ఆయన చూపించినదాంట్లో ఒకటి నాకు ఎప్పటికీ అబ్బురమే. ఒక భాగస్వామికి డబ్బు ఇప్పుడే కావాలి, ఇంకొకరు పదేళ్లు ఆగగలరు. అప్పు ఇవ్వడానికీ తీసుకోవడానికీ సక్రమమైన మార్కెట్టు ఉంటే, ఆ ఇద్దరికీ ఒకే ప్రాజెక్టు మంచిది అవుతుంది: ఎన్‌పీవీ ఎక్కువున్నది. ఇప్పుడే కావాలన్నవారు దాని మీద అప్పు తెచ్చుకుంటారు, ఆగగలవారు వచ్చినదాన్ని దాచుకుంటారు. అందుకే డిస్కౌంటు రేటు, అంటే రాబడుల్ని నేటి విలువకు కుదించడానికి మనం వాడిన ఆ 12 శాతం, యజమాని ఓపికను బట్టి పెట్టేది కాదు. అంత రిస్కున్న డబ్బుకు మార్కెట్టు ఎంత అడుగుతుందో అంత.

ఇక రెండో పోలిక. ప్రాజెక్టు చేస్తే ఏమవుతుంది, చేయకపోతే ఏమవుతుంది. ఈ రెంటి మధ్య తేడానే లెక్కలోకి రావాలి.

ఇప్పటికే ఖర్చయిపోయినది చేసినా పోయిందే, చేయకపోయినా పోయిందే. తేడా లేదు కాబట్టి లెక్కలో ఉండదు. చెప్పడం సులువు, పాటించడం ఎంత కష్టమో ధ్వని కంటే వేగంగా ఎగిరిన కాంకోర్డ్ విమానం చూపించింది. 1962లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పందం చేసుకున్నాయి, 1976లో ప్రయాణికుల సర్వీసులు మొదలయ్యాయి. మధ్యలో అంచనాలు పెరుగుతూ పోయాయి, కొంటామన్న సంస్థలు తప్పుకున్నాయి. చివరికి విమానయాన సంస్థల చేతికి వెళ్లినవి 14 విమానాలు మాత్రమే. ఇంత పెట్టాక ఇప్పుడు ఆపుతామా అనే వాదనకు ఆ విమానం పేరే స్థిరపడిపోయింది. అలాంటి సమావేశంలో కూర్చున్నవాళ్లు తెలివితక్కువ వాళ్లని నేను అనుకోను. తాము సంతకం చేసిన డబ్బు వృథా అయిందని ఒప్పుకోవడం ఎవరికైనా బాధే. లెక్క అడిగేది మాత్రం ఒక్కటే: ఇవాళ్టి నుంచి ఇంకెంత పెట్టాలి, ఇవాళ్టి నుంచి ఎంత వస్తుంది?

దీనికి ఎదురుగా ఇంకో తప్పు ఉంది. ఖాళీగా పడి ఉన్న సొంత షెడ్డులో కొత్త యంత్రం పెడుతున్నాం, అద్దె లేదు కాబట్టి ఖర్చు సున్నా అంటారు. ఆ షెడ్డును అద్దెకు ఇవ్వగలిగితే, ఆ అద్దె ఈ ప్రాజెక్టు ఖర్చే. కొత్త సరుకు వచ్చి మన పాత సరుకు అమ్మకాలనే తినేస్తే, ఆ కోత కూడా దీని ఖాతాలోదే. అయితే ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మనం తేకపోతే పోటీదారు తెస్తాడు, అప్పుడు పాత సరుకు ఎలాగూ దెబ్బతింటుంది అన్నప్పుడు, ఆ కోత 'ప్రాజెక్టు చేయకపోతే' అనే వైపు కూడా ఉంది. రెండువైపులా ఉన్నది తేడాలోకి రాదు. ఏమీ చేయకుండా కూర్చుంటే ఇవాళ్టి వ్యాపారం ఇలాగే సాగుతుందని అనుకోవడం వల్ల ఎన్నో మంచి ప్రాజెక్టులు కాగితం మీదే చనిపోతాయి. నా మటుకు, ఈ ఒక్క చోట పెట్టే శ్రద్ధ మిగతా లెక్క మొత్తం మీద పెట్టే శ్రద్ధ కంటే విలువైనది.

కొన్ని విషయాలు త్వరగా చెబుతాను. తరుగుదల, అంటే యంత్రం విలువ ఏటా ఇంత తగ్గిందని ఖాతాల్లో రాసేది, నగదు ఖర్చు కాదు, రాబడిలోంచి తీసేయకూడదు. కానీ అది పన్ను తగ్గిస్తుంది, ఆ తగ్గిన పన్ను నిజమైన నగదు. ప్రాజెక్టు కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీని ఏటి రాబడిలోంచి తీయకండి. డిస్కౌంటు రేటులోనే డబ్బు ఖరీదు ఉంది, మళ్లీ తీస్తే ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ముడిసరుకు నిల్వలకు, కొనుగోలుదారుల అరువుకు కట్టుబడే వర్కింగ్ క్యాపిటల్ చివర్లో తిరిగొస్తుంది కదా అని వదిలేస్తారు. మన యంత్రానికి అలా 10 కట్టుబడిందనుకోండి. అయిదేళ్ల తర్వాత తిరిగొచ్చే 10కి ఇవాళ్టి విలువ 5.67. అంటే 4.33 ఖర్చు. మన 8.14లో సగానికి పైగా అక్కడే పోయింది, మిగిలింది 3.81.

ద్రవ్యోల్బణం దగ్గర కొంచెం నెమ్మదిగా వెళ్దాం. ఏటా 30 అని రాశాను. ఆ 30 ఏ ధరల్లో? అయిదేళ్లూ ఇవాళ్టి ధరలే వేసి 30 అని రాసి, మార్కెట్టులో కనిపించే 12 శాతంతో కుదిస్తే పోలిక చెడిపోయినట్టే. ఎందుకంటే ఆ 12 శాతంలో ధరల పెరుగుదలకు పరిహారం ముందే కలిసి ఉంది. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే, 1.12ని 1.05తో భాగించాలి, ధరల పెరుగుదల పోగా మిగిలే అసలు రేటు 6.67 శాతం. దానితో లెక్కేస్తే ఎన్‌పీవీ 24.11. అదే యంత్రం, అవే రాబడులు. 8 ఎక్కడ, 24 ఎక్కడ! ధరల పెరుగుదల రెండు చోట్లా ఉండాలి, లేదా రెండు చోట్లా ఉండకూడదు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంస్థకు ఇలాంటి లెక్కే తయారుచేసి ఇచ్చాను. పేజీల కొద్దీ పట్టికలు, రెండు దశాంశాల వరకు జవాబు. పెద్దాయన ఒకరు అన్నీ ఓపికగా చూసి, ఒకే మాట అడిగారు: "ఉత్పత్తి ఒక ఏడాది ఆలస్యంగా మొదలైతే?" నా దగ్గర జవాబు లేదు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది. మన యంత్రానికి ఆ ప్రశ్న వేసి చూడండి. పెట్టుబడి ఇవాళే పెట్టాం, అవే అయిదు 30లు వస్తాయి, కానీ ఒక్కొక్కటి ఏడాది ఆలస్యంగా. 108.14ని 1.12తో భాగిస్తే 96.56. ఎన్‌పీవీ మైనస్ 3.44. ఒక్క రూకా తగ్గలేదు, ఒక్క ఏడాది ఆగింది అంతే, మంచి ప్రాజెక్టు చెడ్డదైపోయింది.

అమ్మకాల సంగతి చూద్దాం. ఆ 30 ఇలా వచ్చిందనుకోండి: అమ్మకాలు 100, అమ్మకాలతో పాటు పెరిగీ తరిగే ఖర్చు 50, కదలని ఖర్చు 20. అమ్మకాలు 10 శాతం తగ్గితే 90లోంచి 45, 20 పోగా 25 మిగులుతుంది. ఎన్‌పీవీ మైనస్ 9.88. అమ్మకాల్లో పదో వంతు తగ్గితే జవాబు 18 లక్షలు కిందికి జారింది. కాబట్టి 8.14 అనే అంకె ఒక్కదాన్నే తెచ్చి నా ముందు పెడితే నేను తీసుకోను. దాని పక్కనే, ఏది ఎంత మారితే అది సున్నా అవుతుందో ఉండాలి.

ఇంత అనిశ్చితి ఉందని తెలిశాక చాలామంది చేసే పని, డిస్కౌంటు రేటుకు ఇంకో 5 శాతం కలపడం. భయానికి ఒక అంకె వేసినట్టు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. 12 బదులు 17 శాతం వాడితే మొదటి ఏటి రాబడి విలువ 4 శాతం పైచిలుకు తగ్గుతుంది, పదో ఏటిది 35 శాతం తగ్గుతుంది. కొత్త సరుకును జనం కొంటారా అన్న భయం అసలు ఏ ఏటిది? మొదటి ఒకటి రెండేళ్లది. ఆ గండం గట్టెక్కితే పదో ఏడు మునుపటి కంటే నమ్మకమైనది. భయం ఒకచోట ఉంటే కోత ఇంకోచోట పడుతోంది. దూరకాలంలో ఫలమిచ్చే పనులన్నీ ఇలాగే అన్యాయంగా ఓడిపోతాయి.

భయాన్ని రాబడుల్లోనే చూపించండి. 30 అన్నది జరగడానికి ఎక్కువ అవకాశమున్న అంకె కావచ్చు. కానీ 30 రావడానికి 60 శాతం, 20 రావడానికి 30 శాతం, 40 రావడానికి 10 శాతం అవకాశం ఉంటే, సగటున వచ్చేది 28. దానితో ఎన్‌పీవీ 0.93. లెక్కలో పెట్టాల్సింది ఆ 28. ఇంగ్లండునూ ఫ్రాన్సునూ కలుపుతూ 1994లో తెరిచిన ఛానల్ సొరంగం నిర్మాణ వ్యయం అంచనాను సుమారు 80 శాతం మించింది, రైలు ప్రయాణికులు అనుకున్నదానికంటే బాగా తక్కువ వచ్చారు. తమ ప్రాజెక్టును ప్రేమించేవాళ్లు వేసే అంచనా ఎప్పుడూ ఒకే పక్కకు ఒరుగుతుంది. అందుకే గతంలో అలాంటి పనులకు నిజంగా ఎంత పట్టిందో చూసి మొదలుపెట్టడం మేలు.

అంతర్గత రాబడి రేటు, అంటే ఐఆర్‌ఆర్ గురించి తప్పకుండా అడుగుతారు. ఏ డిస్కౌంటు రేటు దగ్గర ఎన్‌పీవీ సున్నా అవుతుందో అదే ఐఆర్‌ఆర్. శాతం వినడానికి హాయిగా ఉంటుంది. కానీ 10 పెడితే ఏడాది తర్వాత ఒక్కసారి 15 ఇచ్చేది 50 శాతం. 100 పెడితే 130 ఇచ్చేది 30 శాతం. రెంటిలో ఒకటే చేయగలమంటే, 12 శాతం దగ్గర మొదటిది 3.39 మిగులుస్తుంది, రెండోది 16.07. మనం ఖర్చు పెట్టుకునేది శాతాల్ని కాదు. ఇంకో చిక్కుంది. ఇవాళ 100 పెట్టి, ఏడాది తర్వాత 230 వచ్చి, రెండో ఏట గనిని పూడ్చడానికి 132 పెట్టాలనుకోండి. దీనికి 10 శాతమూ ఐఆర్‌ఆరే, 20 శాతమూ ఐఆర్‌ఆరే. ఏది నమ్ముతాం? ఎన్‌పీవీకి ఈ తడబాటు ఉండదు, 12 శాతం దగ్గర 0.13 అని ఒకే జవాబు చెబుతుంది. అయినా ఫైనాన్స్ ఆచార్యులు జాన్ గ్రాహం, క్యాంప్‌బెల్ హార్వే 2001లో ప్రచురించిన సర్వేలో, 392 మంది ఆర్థికాధికారుల్లో దాదాపు ముప్పావు వంతు ఎన్‌పీవీని వాడతామన్నారు, ఐఆర్‌ఆర్‌ను కూడా దాదాపు అంతమందే. పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుందో చూసే పేబ్యాక్‌ను సగానికి పైగా ఇంకా వదల్లేదు. చేతిలో నగదు తక్కువగా ఉన్న సంస్థ పేబ్యాక్ అడగడం నాకు అర్థమవుతుంది. అది వేరే ప్రశ్న, దానికి వేరే జవాబు.

కంప్యూటరులో లెక్కేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎక్సెల్‌లోని ఎన్‌పీవీ ఫంక్షన్ మీరిచ్చే మొదటి అంకె ఏడాది చివర వస్తుందని అనుకుంటుంది. ఇవాళ పెట్టే 100ని కూడా దాని లోపల పెడితే 8.14 బదులు 7.27 చూపిస్తుంది. 30లను మాత్రం లోపల పెట్టి, 100ని బయట తీసేయండి. తేదీలు సమానంగా లేకపోతే ఎక్స్ఎన్‌పీవీ వాడండి.

బోర్డు మీది లెక్కను చెరపడం లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఇప్పుడు తేల్చుకోవాల్సిన ప్రాజెక్టు ఉంటే సంస్థ పేరు వద్దు, అంకెలు చెప్పండి. వాటితో పాటు, అది చేయకపోతే అయిదేళ్లలో మీ వ్యాపారం ఎలా ఉంటుందనుకుంటున్నారో కూడా చెప్పండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.