ఉబుంటు వేశాక వైఫై పోయిందా? కార్డు మార్చే ముందు ఇది చూడండి

(స్క్రీన్ మీద: ఉబుంటు సెట్టింగ్స్, 'నో వైఫై అడాప్టర్ ఫౌండ్')

నమస్తే. మొన్న దేవరకొండ నుంచి డిగ్రీ చదివే తమ్ముడొకడు ఈ ల్యాప్‌టాప్ పట్టుకొని నల్గొండకు వచ్చాడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా. ఈ పాత మెషిన్ విండోస్ 11కి సరిపోదు, అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ సిస్టం, ఉబుంటు వేసుకున్నాడు. వేశాక వైఫై మాయం. షాపులో చూపిస్తే కార్డు పోయింది, కొత్తది వేయాలన్నారట.

మొన్నటిదాకా విండోస్‌లో పనిచేసిన కార్డు ఒక్క పూటలో ఎట్లా పోతుంది? పోయింది దాని డ్రైవర్, అంటే ఆ కార్డుతో పనిచేయించే సాఫ్ట్‌వేర్. ఉబుంటుకు గుండెలాంటి లినక్స్ కర్నెల్‌లోనే చాలా డ్రైవర్లు ఉంటాయి, అందుకే సౌండు, టచ్‌ప్యాడ్ ఏమీ చేయకుండానే వచ్చాయి. కొన్ని వైఫై చిప్‌ల డ్రైవర్ మాత్రం విడిగా వేసుకోవాలి.

(టెర్మినల్ దగ్గరగా)

ముందు చిప్ ఏదో తెలియాలి. టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో తెరిచి ఇది కొట్టండి: ఎల్ఎస్‌పీసీఐ, ఒక ఖాళీ, అడ్డగీత, రెండు ఎన్‌లు. అన్నీ చిన్న అక్షరాలే. ఇదిగో నెట్‌వర్క్ కంట్రోలర్ లైను: బ్రాడ్‌కామ్ బీసీఎం43142, చివర 14ఇ4:4365. ముందుది కంపెనీ నంబరు, తర్వాతది చిప్ నంబరు. ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో వెతక్కండి, ఒకే మోడల్‌లో వేర్వేరు కార్డులు ఉంటాయి. ఈ నంబరుతోనే వెతకండి.

మరి నెట్ లేకుండా డ్రైవర్ ఎట్లా దిగుతుంది? ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఫోన్ నెట్ కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు వస్తుంది. ఆప్షన్ వెలగకపోతే కేబుల్ మార్చి చూడండి, కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి.

ఇక అడిషనల్ డ్రైవర్స్ తెరిచి, బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకొని అప్లై కొట్టండి. సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను స్టార్టింగ్‌లో ఆపే రక్షణ, ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. కాగితం మీద రాసుకోండి, కాసేపట్లో అదే అడుగుతుంది.

(ఫోన్‌తో తీసిన షాట్: రీస్టార్ట్, నీలం స్క్రీన్)

చాలామంది తప్పేది ఇక్కడే. ఈ నీలం స్క్రీన్ చూసి టెన్షన్ పడొద్దు, ఏమీ పాడవలేదు. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కాలి. పైన 'కంటిన్యూ బూట్' ఉంటుంది, దాని మీద ఎంటర్ కొట్టారంటే డ్రైవర్ దిగినా పనిచేయదు. కింద 'ఎన్‌రోల్ మాక్' (MOK)కు వెళ్లండి, ఈ డ్రైవర్‌ను నమ్మమని మెషిన్‌కు చెప్పేది ఇదే. కంటిన్యూ, ఎస్, ఆ పాస్‌వర్డ్, రీబూట్.

(వైఫై జాబితా తెరుచుకుంటుంది)

వచ్చేసింది. తమ్ముడు ఫోన్ కేబుల్ పీకేసి, రెండుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసి చూసుకున్నాడు. కార్డు కోసం తెచ్చుకున్న డబ్బులు జేబులోనే ఉన్నాయి.