నది మీద నిలబడిన కోట: షెనోన్సో

శ్రోతలకు నమస్కారం.

ఫ్రాన్స్ దేశం నడిమధ్యన తూరెన్ అనే ప్రాంతం ఉంది. పొలాలు, ద్రాక్షతోటలు, చిన్నచిన్న ఊళ్ళు. వాటి మధ్యగా షేర్ నది తాపీగా పారుతూ పోతుంది. ఆ నది మీద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక కోట నిలబడి ఉంది. ఒడ్డున కాదండీ, నీళ్ళ మీదే. దాని పేరు షెనోన్సో. తూరెన్ ఉన్న లువార్ నది లోయ నిండా కోటలే. వాటిలో ఒక్కటే చూసే వీలుంటే దీన్నే చూడమంటాను. ఎందుకంటే దీన్ని కట్టించి, పెంచి, కాపాడుకున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. పైగా కష్టకాలంలో ఈ కోట జనానికి పనికొచ్చింది.

1513లో తోమా బోయియే అనే రాజుగారి ఖజానా అధికారి ఇక్కడి పాత కోటను పడగొట్టించి, ఒక్క బురుజు మాత్రం ఉంచాడు. నదిలో ఉన్న పాత నీటిమర పునాదుల మీద కొత్త భవనం మొదలుపెట్టాడు. ఆయన ఇటలీ యుద్ధాల పని మీద తిరుగుతుంటే, దగ్గరుండి కట్టించింది ఆయన భార్య కాథరిన్ బ్రిసోన్నే.

లోపల నాకు అన్నిటికన్నా నచ్చింది వంటిల్లు. అది నదిలోకి దిగిన స్తంభాల లోపల ఉంది. మెట్లు దిగి వెళితే పెద్ద పొయ్యి, పక్కనే రొట్టెలు కాల్చే బట్టీ, వరసగా రాగి గిన్నెలు, మాంసం వేలాడదీసే ఇనుప కొక్కేలు, నరకడానికి మొద్దులు. కిటికీలోంచి చూస్తే కిందనే నది. సరుకులు పడవల్లో వచ్చి నేరుగా ఇక్కడే దిగేవి. పై గదుల్లో పట్టుపరదాలు చూశాక ఇక్కడికి వస్తే, ఇంతమందికి ఎవరు వండిపెట్టారో తెలుస్తుంది.

1547లో రెండో ఆన్రీ రాజు ఈ కోటను తన ప్రియురాలు దియాన్ ద ప్వాతియేకి ఇచ్చేశాడు. ఆమె తోట వేయించింది, అవతలి గట్టుకి వంతెన కట్టించింది. 1559లో రాజు పోయాడు. పట్టపురాణి కాథరిన్ ద మెదిచి ఇక ఒక్క క్షణం ఓర్చుకోలేదు. బదులుగా షోమోఁ కోట ఇచ్చి దియాన్‌ని పంపించేసింది. సవతి పోరే, కాదనను. కానీ ఆమె ఆ వంతెనను పడగొట్టలేదు, దాని మీదే పొడవాటి హాలు లేపింది. 60 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 18 కిటికీలు. రాణిగారి విందులకీ నాట్యాలకీ కట్టిన హాలు అది.

ఆమె కోడలు లూయిజ్ ద లొరేన్ కథ వేరు. 1589లో భర్త మూడో ఆన్రీ హత్యకు గురయ్యాక ఆమె ఇక్కడే ఉండిపోయింది. గది గోడలకు నల్లరంగు వేయించి, తాను మాత్రం తెల్లబట్టలే కట్టుకుంది. అక్కడి రాజవంశంలో రాణులు దుఃఖానికి కట్టేది తెలుపే. ఆ గది ఇప్పటికీ చూడవచ్చు, మనసు కలుక్కుమంటుంది.

ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఎన్నో కోటలు దోపిడీకి గురైతే, ఇది నిలిచింది. యజమానురాలు లూయిజ్ ద్యుపాఁ అంటే ఊరివాళ్ళకి అభిమానం. తత్వవేత్త రూసో ఒకప్పుడు ఆమె దగ్గరే కార్యదర్శిగా పనిచేశాడు. చుట్టుపక్కల నది దాటడానికి ఉన్న వంతెన ఇదొక్కటే కావడం కూడా కోటను కాపాడిందని చెబుతారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అప్పటి యజమాని గాస్తోఁ మెనియే, చాక్లెట్ల వ్యాపార కుటుంబం వాడు, తన సొంత ఖర్చుతో వంతెన మీది హాలును ఆసుపత్రి చేశాడు. కిటికీల వెంట రెండు వైపులా మంచాలు వేశారు. యుద్ధం ముగిసేలోపు రెండు వేలకు పైగా గాయపడ్డ సైనికులకు ఇక్కడ చికిత్స జరిగింది. ఆ హాల్లో నడుస్తుంటే నాకు రాణిగారి విందులు గుర్తుకు రావు, ఆ మంచాలే గుర్తుకొస్తాయి.

1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ని రెండుగా చీల్చినప్పుడు, ఇక్కడ ఆ సరిహద్దు షేర్ నదే అయింది. కోట ముందు గుమ్మం ఆక్రమిత ప్రాంతంలో, హాలు చివరి తలుపు జర్మన్ల చేతిలో లేని అవతలి ప్రాంతంలో. ఆ తలుపు గుండా ఎంతోమందిని రహస్యంగా దాటించారు. అరవై మీటర్లు నడిస్తే ప్రాణం దక్కినట్టే. అప్పుడు ఒక్కొక్కరికీ ఎంత టెన్షన్‌గా ఉండి ఉంటుందో ఊహించండి!

వెళ్ళడం కష్టమేమీ కాదు. పారిస్ నుంచి తూర్ నగరానికి వేగం రైలు, అక్కడి నుంచి అరగంట లోకల్ రైలు. స్టేషన్ కోట గేటు దగ్గరే. కానీ కోట చూసేసి వెంటనే తిరుగు రైలు ఎక్కేయకండి. హాలు చివరి తలుపు తెరిచి ఉంటే అవతలి గట్టుకి వెళ్ళండి. తోపుల్లో జనం తక్కువ, కోట మొత్తం నీళ్ళల్లో నీడతో సహా అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది. తర్వాత నది వెంట ఎగువకి, బూరే అనే ఊరికి వెళ్ళండి. లువార్ కోటల్లో చాలావాటికి తెల్లరాయి తవ్వింది అక్కడి కొండల్లోంచి. తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే రాయి అది. రాయి తీసేసిన చోట మిగిలిన గుహల్లో కొందరు ఇళ్ళు కట్టుకున్నారు, కొందరు ద్రాక్షసారా నిలవ చేసుకున్నారు. బూరే గుహల్లోనైతే పుట్టగొడుగులు పండిస్తున్నారు. అక్కడ వాటిని కొని, అదే ప్రాంతపు మేకపాల చీజ్‌తో రొట్టెలో పెట్టుకుని తినండి. ఆ చీజ్ మధ్యలో ఒక గడ్డిపుల్ల ఉంటుంది, కోసేముందు దాన్ని లాగేయడం మరిచిపోకండి.

నమస్కారం.