మేకు, అక్షరం, గుర్రం

శ్రోతలకు నమస్కారం.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటాం. ఆధునిక గ్రీకు కళాకారుల విషయంలో ఈ సామెతను నమ్ముకుని తొలి పనుల్లోకి దిగితే చాలాసార్లు దారి తప్పుతాం. తర్వాత పేరు తెచ్చిన బొమ్మే మొదట్లోనూ ఉంటుందని వెతుకుతాం, అది కనిపించదు. పదార్థం మారిపోయి ఉంటుంది, బొమ్మ మారిపోయి ఉంటుంది. మారనిది పనిచేసే తీరు. దేన్ని కొలతగా పట్టుకున్నారు, దేన్ని దేనికి తగలనివ్వలేదు, ఏ పొర ముందు వేశారు అన్నవి చూడాలి.

అయస్కాంతాలతో చేసిన శిల్పాలకు పేరుపొందిన తాకిస్‌తో మొదలుపెడదాం. అసలు పేరు పనాయోటిస్ వాసిలాకిస్. 1925లో ఏథెన్స్‌లో పుట్టాడు. శిల్పం ఏ బడిలోనూ నేర్చుకోలేదు. తొలి రోజుల్లో చేసినవి ప్లాస్టర్ తలలు, ఆ తర్వాత ఇనుముతో బక్కపలచని నిలువు మనుషులు. 1954లో ప్యారిస్ చేరాడు. ఫ్రాన్స్ తీరంలోని కలే స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ పట్టాల పక్కన సిగ్నల్ దీపాల అడవిని చూశాడట. ఆ తర్వాత వచ్చినవే ‘సిగ్నల్’ శిల్పాలు. కింద బరువైన దిమ్మ, పైన సన్నని పొడవాటి ఊచలు, కొసన దీపమో పాత యంత్రం ముక్కో. గాలి వీస్తే ఊచలు ఊగుతాయి, ఒకదానికొకటి తగిలి మోగుతాయి. చూస్తే వీటిలో అయస్కాంతం ఊసే లేదు. కానీ శిల్పం కదలకుండా నిలబడి ఉండాలన్న నియమం అప్పటికే పోయింది. కంటికి కనిపించని గాలి అందులో ఒక భాగమైంది.

1959లో గాలి స్థానంలోకి అయస్కాంతం వచ్చింది. ఇది కాస్త దగ్గరగా చూడదగ్గ పని. ఒక ఇనుప మేకుకు సన్నని తీగ కట్టి, తీగ రెండో కొసను బిగిస్తాడు. మేకు ఎదురుగా అయస్కాంతం ఉంటుంది. మేకు దానివైపు దూకబోతుంది, తీగ వెనక్కి పట్టి ఉంచుతుంది. మేకు గాల్లో అడ్డంగా సన్నగా వణుకుతూ నిలబడిపోతుంది. గుట్టంతా తీగ పొడవులోనే ఉంది. రవ్వంత ఎక్కువైతే మేకు వెళ్ళి అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది, ఇక అక్కడ చూడడానికేమీ ఉండదు. రవ్వంత తక్కువైతే మేకు కిందికి వేలాడిపోతుంది. ఎందుకంటే దూరం రెట్టింపయితే అయస్కాంతం లాగే బలం సగానికి ఆగదు, అంతకంటే చాలా కిందికి పడిపోతుంది. అందుకే శిల్పమంతా మేకుకూ అయస్కాంతానికీ మధ్య ఉన్న ఆ చిన్న సందులో ఉందంటాను. 1960ల నడుమ నుంచి చేసిన సంగీత శిల్పాల్లో విద్యుదయస్కాంతం సూదిని లాగి బిగించిన తీగ మీద కొట్టిస్తుంది. కరెంటు ఆగగానే సూది వెనక్కి వచ్చేస్తుంది. పదేళ్ళ కిందట ఊచల్ని మోగించిన గాలి చేసిన పనే ఇప్పుడు కరెంటు చేస్తోంది.

యానిస్ కునెలిస్ సంగతి ఇంకా చిత్రమైనది. 1936లో ఏథెన్స్ పక్కన ఉన్న పిరేయస్ రేవులో పుట్టాడు, 1956లో రోమ్‌కు వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. 1950ల చివర్లో మొదలైన అతని తొలి పనులు తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలు, అంకెలు, బాణం గుర్తులు. అవి కలిసి ఏ మాటా కావు. సరుకు పెట్టెల మీద గుర్తులు వేసినట్టు అట్టలో కోసిన అచ్చులతో వేసినవి. చట్రానికి బిగించకుండా, తానున్న ఇంటి గోడ ఎంతుంటే అంత బట్ట తీసుకునేవాడు. ఆ అక్షరాలను పాటలా పాడేవాడు కూడా.

తర్వాత కునెలిస్ అంటే గ్యాలరీలో బొమ్మకు బదులు పెట్టిన బొగ్గు, గోనెసంచులు, ఉన్ని, గ్యాస్ మంట, ఇనుప రేకులు. అక్షరాలకూ బొగ్గుకూ పొంతనేమిటని ఎవరైనా అడుగుతారు. కొలత చూడండి. ఇనుప రేకులకు అతను ఎక్కువగా వాడిన కొలత సుమారు 200 సెంటీమీటర్లు, 180 సెంటీమీటర్లు. ఇద్దరు పడుకునే మంచమంత. మొదట ఇంటి గోడ, తర్వాత ఇంట్లోని మంచం. కొలబద్ద మనిషి బతికే చోటు నుంచే వచ్చింది. ఇక 1969లో రోమ్‌లోని లాటికో గ్యాలరీ, నిన్నమొన్నటిదాకా గ్యారేజీగా ఉన్న చోటు. అందులో గోడల పొడవునా 12 బతికున్న గుర్రాలను కట్టేశాడు. ఆ ప్రదర్శన ఫొటో చూసినప్పుడు నాకు గుర్రాలకంటే ముందు వాటి మధ్య ఖాళీ కనిపిస్తుంది. తెల్లని గోడలు, వాటి ముందు విడివిడిగా గుర్తులు. పాత అక్షరాలకు ఊపిరి వచ్చింది, అంతే.

అదే పిరేయస్‌లో 1910లో పుట్టిన చిత్రకారుడు యానిస్ సారూహిస్ గురించి ఒక్క మాట. 1930ల మొదట్లో ఫోటిస్ కొంటోగ్లూ అనే చిత్రకారుడి దగ్గర బైజాంటైన్ పద్ధతిలో, అంటే పాతకాలపు గ్రీకు క్రైస్తవ పద్ధతిలో, దేవుడి పటాలు వేయడం నేర్చుకున్నాడు. ఆ పద్ధతిలో ముఖానికి ముందు ముదురు ఆకుపచ్చ, గోధుమ కలిసిన పొర వేసి, దాని మీద అంచెలంచెలుగా వెలుగు తెస్తారు. రంగు కలిపేది గుడ్డు సొనలో. పొర పలచగా ఉండాలి, మందంగా వేస్తే పగుళ్ళిస్తుంది. తర్వాత అతను వేసిన నావికుల, కాఫీ హోటళ్ళ బొమ్మల్లో చాలాచోట్ల వెలుగు ఇలాగే చీకటి మీదికి ఎక్కుతుంది. మన తోలుబొమ్మల్లాంటి గ్రీకు నీడబొమ్మలాట కరాగియోజిస్ అంటే కూడా అతనికి ప్రాణం. రూపం చుట్టూ అంచు అంత స్పష్టంగా, లోపల రంగు అంత చదునుగా ఉండడంలో దాని వాటా ఉంది.

ఒక జాగ్రత్త. ఫలితం తెలిశాక వెనక్కి చూస్తే ప్రతి గీతా సూచనలాగే కనిపిస్తుంది. తాకిస్ ప్లాస్టర్ తలలను ఎంతసేపు చూసినా నాకు అయస్కాంతం కనిపించలేదు. అక్కడ లేనిదాన్ని లాగి అంటించడం అనవసరం.

కునెలిస్ మాత్రం 1994లో పిరేయస్‌కే తిరిగి వచ్చాడు. రేవులో ఆగి ఉన్న ‘అయోనియన్’ అనే సరుకు ఓడ కడుపులో తన పనులు పరిచాడు. గోనెసంచి, బొగ్గు, ఇనుము ఓడ దిగనవసరం లేని ప్రదర్శన అది.

నమస్కారం.