మినరల్ ఎవరి ఒంటికి పడుతోంది?

(చెన్నై స్టూడియోలో జరిగిన తెలుగు చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: చేపల పోషణ మీద పనిచేసి ఇక్కడే స్థిరపడిన శాస్త్రవేత్త, మేత మిల్లులో ఫార్ములా చూసే నిపుణుడు, కైకలూరు దగ్గర చేపల చెరువు, రొయ్యల చెరువు రెండూ ఉన్న రైతు.)

వ్యాఖ్యాత: నమస్కారం. ఆంధ్రా చెరువుల చేప చెన్నై మార్కెట్లకూ వస్తుంది. ఆ చేప తినే మేతలో కలిపే మినరల్స్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. బాబాయ్, మీతోనే మొదలుపెడదాం. ఎంత వేస్తారు?

రైతు: చేపల చెరువులో తవుడు సంచులు కడతామండీ. సంచి అడుగున చిల్లులు పెట్టి, తాడుకు వరసగా కట్టి నీళ్లలోకి దించుతాం. శీలావతి, బొచ్చె వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి. ఆ తవుడులోనే మినరల్ పౌడరు, కాస్త ఉప్పు కలుపుతాం. రొయ్యల చెరువులో అయితే నీళ్లలో చల్లేస్తాం. ఎంతంటే, ప్యాకెట్ మీద రాసినంత. డీలరు ఇంకోటి వెయ్యమంటే అదీ వేస్తాం.

శాస్త్రవేత్త: సంచి నీళ్లలో ఎంతసేపు ఉంటుంది?

రైతు: రెండు మూడు గంటలకు ఖాళీ అవుతుంది మేడం.

శాస్త్రవేత్త: అక్కడే సగం కథ ఉంది. నీళ్లలో సులువుగా కరిగే ఖనిజాలు చేప నోటికి చేరకముందే సంచిలోంచి జారిపోతాయి. ఇక కాల్షియం విషయం. చేప దాన్ని మొప్పల ద్వారా నీళ్లలోంచే తీసుకోగలదు. మీ నీళ్లలో కాల్షియం బాగా ఉంటే మేతలో వెయ్యాల్సిన పని దాదాపు ఉండదు. ఫాస్ఫరస్ అలా కాదు. నీళ్లలో అది మరీ తక్కువ, అందుకని మేతలోంచే రావాలి.

రైతు: తవుడులో ఫాస్ఫరస్ ఉంటుందంటారు కదండీ?

శాస్త్రవేత్త: ఉంటుంది, దాదాపు ఒకటిన్నర శాతం. చేపకు కావాల్సింది, ఒంటికి పట్టే రూపంలో 0.6 నుంచి 0.75 శాతం. కాగితం మీద చూస్తే రెట్టింపు ఉంది. కానీ తవుడు, నూనె తీసిన చెక్క, సోయా వీటన్నిటిలో ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం ఫైటేట్ అనే సమ్మేళనంగా బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైము చేప పేగులో దాదాపు లేనట్టే. తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. పైగా ఆ ఫైటేట్ జింకును కూడా పట్టేసుకుంటుంది.

మిల్లు నిపుణుడు: అందుకే మేం పైనుంచి ఫాస్ఫేటు కలుపుతాం. బయట ఎక్కువగా అమ్ముడయ్యేది డీసీపీ, అంటే డైకాల్షియం ఫాస్ఫేట్.

శాస్త్రవేత్త: ఒక్క మాట చెప్పనివ్వండి. శీలావతికీ, బొచ్చెకీ, బంగారుతీగకీ పొట్ట ఉండదు. అంటే జీర్ణాశయం లేదు, ఆమ్లమూ లేదు. నోటి నుంచి నేరుగా పేగే. ఆమ్లం లేనిచోట ఎముకపొడి లాంటివి కరగవు. బంగారుతీగ మీద చేసిన ప్రయోగాల్లో ఎంసీపీ, అంటే మోనోకాల్షియం ఫాస్ఫేట్‌లోని ఫాస్ఫరస్ 94 శాతం ఒంటికి పట్టింది. డీసీపీలోది 46, ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లోది 13 శాతమే. చేపపొడిలో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్నది కూడా ఎముకలోనే, అందుకే బంగారుతీగకు దాంతో లాభం తక్కువ.

రైతు: మరి మేమంతా డీసీపీయే కొంటున్నాం కదండీ!

మిల్లు నిపుణుడు: చవక గనక. ఎంసీపీ ధర ఎక్కువే. కానీ కిలో ఎంత అని కాకుండా, ఒంటికి పట్టే గ్రాము ఫాస్ఫరస్‌కు ఎంత పడిందో లెక్కేస్తే తేడా బాగా తగ్గిపోతుంది. ఇంకో సంగతి, కొన్ని మిశ్రమాల్లో బరువు పెంచేది సున్నపురాయి పొడే. మా లైన్లో ఉన్నవాళ్లకు తెలిసిందే ఇది.

వ్యాఖ్యాత: మీరే అన్నారు, మేం అనలేదు. (నవ్వు) మేడం, ఫాస్ఫరస్ తక్కువైతే రైతుకు ఎలా తెలుస్తుంది?

శాస్త్రవేత్త: ముందు ఎదుగుదల మందగిస్తుంది, ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది. లోపం ముదిరితే వెన్ను వంకర, తల ఎముకలు సొట్ట.

రైతు: గూని చేప! పట్టుబడి రోజు పక్కన పడేస్తాడు వ్యాపారి. ధర తగ్గించేస్తాడు.

శాస్త్రవేత్త: అన్నీ ఫాస్ఫరస్ వల్లే అనుకోకండి. విటమిన్ సి తక్కువైనా వెన్ను వంగుతుంది, దెబ్బ తగిలినా వంగుతుంది. జింకు లోపం మాత్రం కంటిలో కనిపిస్తుంది. చల్లటి నీళ్లలో పెరిగే ట్రౌట్ చేపలకు శుక్లాలు వచ్చేవి. తీరా చూస్తే మేతలో ఎముక భాగం, అంటే కాల్షియం, ఫాస్ఫేటు ఎక్కువై జింకును అడ్డుకున్నాయి. ఒకటి పోసినంత మాత్రాన సరిపోదు, అది ఇంకోదాన్ని ఆపుతుంది.

వ్యాఖ్యాత: అయోడిన్ కథ కూడా ఒకటి ఉందిగా?

శాస్త్రవేత్త: అమెరికాలో 1910 ప్రాంతంలో ఒక ట్రౌట్ హేచరీలో చేపలకు గొంతు కింద వాపులు వచ్చాయి. థైరాయిడ్ క్యాన్సరని భయపడ్డారు. డేవిడ్ మెరీన్ అనే వైద్యుడు వెళ్లి అది గాయిటరని, అంటే అయోడిన్ తక్కువై థైరాయిడ్ గ్రంథి ఉబ్బడమని తేల్చాడు. నీళ్లలో కాస్త అయోడిన్ కలిపితే తగ్గింది. మనుషుల ఉప్పులో అయోడిన్ కలపడానికి దారి వేసినవాళ్లలో ఆయనా ఒకరు.

మిల్లు నిపుణుడు: ఎక్కువైనా ముప్పే. సెలీనియం చేపకు కిలో మేతకు 0.15 నుంచి 0.4 మిల్లీగ్రాములు చాలు. యూరప్‌లో మొత్తం 0.5 దాటకూడదు. ట్రౌట్‌లో 13 దగ్గర విషమైంది. మిల్లు మేతలో అప్పటికే కలిపి ఉంటుంది. దాని మీద రైతు ఇంకో రెండు ప్యాకెట్లు పట్టిస్తే లెక్క ఎవరు చూస్తారు?

రైతు: రొయ్యల సంగతి చెప్పండి మేడం. అక్కడ నీళ్లలో చల్లడం కూడా దండగేనంటారా?

శాస్త్రవేత్త: కాదు. అక్కడ మీదే రైటు. మీరు పెంచే వనామీ రకం రొయ్య సముద్రపు జీవి. మీరు బోరు నీళ్లలో, తక్కువ ఉప్పదనంలో పెంచుతున్నారు. సెలినిటీ ఎంతండీ?

రైతు: ఐదు పీపీటీ, అంటే లీటరుకు ఐదు గ్రాముల ఉప్పు.

శాస్త్రవేత్త: సముద్రపు నీటిని ఐదుకు పలచన చేస్తే లీటరుకు పొటాషియం 54 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 195 ఉండాలి. బోరు నీళ్లలో సెలినిటీ ఐదు చూపించినా పొటాషియం పది కూడా ఉండకపోవచ్చు. అప్పుడు విసురు వల వేసి తీస్తే రొయ్య నడుము వంగి, కండ తెల్లబడి, తిరిగి చాచదు.

రైతు: క్రాంప్! అవునండీ, ఎండ పూట వల తీస్తే మరీను.

శాస్త్రవేత్త: మేతతో అది పూర్తిగా తీరదు, నీళ్లను సరిచెయ్యాలి. ఎకరం చెరువు, మీటరు లోతు అనుకోండి. 40 లక్షల లీటర్లు. పది కిలోల ప్యాకెట్ మొత్తం పొటాషియమే అనుకున్నా లీటరుకు పెరిగేది రెండున్నర మిల్లీగ్రాములు. పది మిల్లీగ్రాములు పెంచాలంటే 40 కిలోల పొటాషియం, అంటే 80 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు, దాని బరువులో దాదాపు సగమే పొటాషియం. అందులో కొంత అడుగు బంకమన్ను పట్టేసుకుంటుంది, మళ్లీ వెయ్యాలి.

రైతు: (కాసేపు ఆగి) ఇన్నాళ్లూ పది కిలోలే చల్లుతున్నాం.

మిల్లు నిపుణుడు: ముందు నీళ్లు పరీక్ష చేయించండి. బ్రాకిష్ వాటర్ పరిశోధన సంస్థ, సిబా, ఇక్కడే చెన్నైలో 1987 నుంచి ఉంది. ఉప్పునీటి సాగు మీద దాని పనే అది.

వ్యాఖ్యాత: చేప ఒంటికి పట్టని ఫాస్ఫరస్ ఎటు పోతుంది?

శాస్త్రవేత్త: చెరువులోకే. నాచు పెరుగుతుంది. పగలు నీళ్లు పచ్చగా, బాగానే కనిపిస్తాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. రైతు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేసుకుని కరెంటు బిల్లు కడతాడు. డబ్బిచ్చి కొన్న ఫాస్ఫరసే ఆ బిల్లు పెంచుతుంది.

రైతు: మరి మాకు అర్థమయ్యేలా ప్యాకెట్ మీద ఏం చూడాలి?

మిల్లు నిపుణుడు: పేర్లు కాదు, శాతాలు చూడండి. ఏ రూపంలో ఉందో చూడండి, ఎంసీపీయా డీసీపీయా, జింకు సల్ఫేటా, చీలేటా. చీలేట్ అంటే అమైనో ఆమ్లం లాంటిదానితో కట్టిన ఖనిజం, దాని ధర ఎక్కువ. తవుడు, చెక్క ఎక్కువున్న మేతలో దానికి అర్థముంది, చేపపొడి బాగా ఉన్న మేతలో అంతగా లేదు. శాతాలు రాయని ప్యాకెట్ కొనకండి. ఆంధ్రలో 2020లో మేత నాణ్యత మీద చట్టమే వచ్చింది. అడిగే హక్కు మీకుంది.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. బాబాయ్, రేపు వెళ్లి డీలరును ఇవన్నీ అడుగుతారా?

రైతు: అడుగుతానండీ. ఎంసీపీ ఉందా, శాతం ఎంత అని అడుగుతా.

వ్యాఖ్యాత: ఏమంటాడు?

రైతు: పాత బాకీ ముందు కట్టమంటాడు. అప్పు మీద తెచ్చుకునేవాడికి ఆయన ఇచ్చిందే ప్యాకెట్టండీ.