ధర కంటే ముందు మందు అడగండి

అధ్యక్షులకూ, వేదిక మీదున్న పెద్దలకూ, ఆదివారం పూట ఇల్లు వదిలి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ధన్యవాదాలు చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు, భోజనాల దగ్గర ఒక్కొక్కరినీ కలిసి చెప్తాను.

నాకిచ్చిన అంశం పాత సామానుతో సముద్రపు చేపల్ని పెంచే కొత్త ఉప్పునీటి ట్యాంకుని సైకిల్ చేయడం, అంటే చేపల వ్యర్థాల్ని మార్చే బాక్టీరియాని అందులో పెంచడం. మన ఎండలకి నీళ్ళని చల్లబరిచే చిల్లర్ లేనిదే నడవదు. ఆ చిల్లరూ, నురుగుతో మురికి తీసే స్కిమ్మరూ, రాళ్ళూ అన్నీ కొత్తవి కొనాలంటే మధ్యతరగతి ఇంటికి తలకు మించిన ఖర్చు. సెకండ్ హ్యాండ్‌లో దొరకబట్టే కాలేజీ పిల్లలు ఈ హాబీలోకి రాగలుగుతున్నారు. కాబట్టి పాతవి కొనొద్దని నేను అనను.

సైక్లింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. చేపల నుంచీ, కుళ్ళిన మేత నుంచీ అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఎక్కువగా రాళ్ళకీ ఇసుకకీ అంటిపెట్టుకుని ఉంటాయి, నీళ్ళలో ఉండేవి చాలా తక్కువ. కాబట్టి పాత నీళ్ళని క్యాన్లలో మోసుకురావడం వృథా. రాయిని మాత్రం ఉప్పునీళ్ళలో ముంచి, తడి ఆరకుండా తేవాలి. అలా వచ్చిన మంచి రాయి వారం పది రోజుల్లోనే పనిలోకి దిగొచ్చు. ఎండు రాయికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీల దగ్గర పెట్టి, 2 పీపీఎం (పది లక్షల భాగాల నీళ్ళకి రెండు భాగాలు) వచ్చేలా అమ్మోనియా వేయండి. అలా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగితే సైకిల్ పూర్తయినట్టే.

పూర్తయినట్టే అన్నాను కదా, నా గోడు అక్కడే మొదలవుతుంది.

ఒకాయన దగ్గర ట్యాంకు, రాళ్ళు, ఇసుక అన్నీ కలిపి కొన్నాను. సైకిల్ చక్కగా నడిచింది, టెస్టులన్నీ బాగున్నాయి. క్లౌన్ చేపల జత హాయిగా తిరుగుతోంది. తర్వాత నత్తల్ని వేశాను. అద్దాన్ని పట్టుకోలేక ఒక్కొక్కటే ఇసుకలోకి జారిపోయాయి. వెల్లకిలా పడి, పాదం బయటికి వేలాడేసి, మళ్ళీ తిరగబడలేకపోయాయి. రొయ్య ఒక పక్కకి ఒరిగి, కాళ్ళు మాత్రం కొట్టుకుంటూ రాత్రంతా అలాగే ఉంది. తెల్లారేసరికి అదీ పోయింది. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. మరి ఎందుకు చచ్చిపోతున్నాయి?

రాగి. తెల్లమచ్చల జబ్బుకి వేసే కాపర్ మందు. సున్నపురాయీ ఇసుకా దాన్ని పీల్చుకుని, తర్వాత కొంచెం కొంచెంగా నీళ్ళలోకి వదులుతాయి. చేప తట్టుకునే మోతాదు కూడా నత్తకీ, రొయ్యకీ, పగడానికీ విషం. అమ్మోనియా టెస్టులో రాగి కనపడదు, దానికి వేరే కిట్ ఉంటుంది. ఆయనకి ఫోన్ చేస్తే, “వేశానండీ, అయినా చేపలు బాగానే ఉన్నాయిగా?” అన్నారు.

అయ్యా, ఈ హాల్లో ట్యాంకు అమ్మే ఆలోచనలో ఉన్నవాళ్ళకి చెప్తున్నాను. ఏ మందు వేశారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కొనేవాళ్ళూ ధర కంటే ముందు అదే అడగండి: ఏ మందు వేశారు? రాయి ఎక్కణ్ణుంచి వచ్చింది? 2001 నుంచి మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రంలోంచి పెకిలించుకొచ్చిన పగడపు రాయి ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోకండి.

ఈ మాట నా కాగితంలో లేదు, అయినా చెప్పి తీరాలి. పాత రాయిని శుభ్రం చేద్దామని దయచేసి ఉడకబెట్టకండి. దాని మీద పగడాన్ని పోలిన పాలిథోవా జాతి జీవులు ఉంటే, ఆ ఆవిరిలో వచ్చే పాలీటాక్సిన్ అనే విషం ఇంట్లోవాళ్ళందరినీ ఆసుపత్రి పాలు చేయొచ్చు. అలా జరిగిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఇంకొక్క మాట. సైక్లింగ్ కోసమని డామ్సెల్ అనే చిన్న సముద్రపు చేపని వేయమని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. సీసాలో అమ్మోనియా దొరుకుతుండగా, గట్టిదన్న పాపానికి ఆ చేపని కాల్చడం ఎందుకు?

రాగి పట్టిన రాళ్ళూ ఇసుకా పగడాల ట్యాంకులో వేయకండి. ఖాళీ అద్దాల ట్యాంకుని వెనిగర్‌తో కడిగి, ఉప్పునీళ్ళు నింపి వారం ఉంచి టెస్ట్ చేయండి. నేను కాపర్ కిట్ తెచ్చాను, తలుపు పక్క బల్ల మీద ఉంది. మీ ట్యాంకు నీళ్ళు తెచ్చుకున్నవాళ్ళు భోజనానికి ముందే రండి, ఇక్కడే చూసి చెప్తాను.